మూత్రపిండం దక్కింది, చూపూ దక్కాలి

(దేవాలయ సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

 

ఉత్సవవేళ వ్యాధుల ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. దేవుని ముందు సంకల్పం చెప్పుకొన్న ప్రతిసారీ మనం ఆయురారోగ్యాలను కోరుకుంటాం. కోరిన ఆరోగ్యాన్ని నిలుపుకొనే తెలివిని కూడా అదే ప్రాంగణంలో పంచుకోవడం ఉచితమేనని నా నమ్మకం.

నేను ఎన్నుకొన్న విషయం చిన్నదిగా కనబడుతుంది: మూత్రపిండ మార్పిడి జరిగినవారిలో కంటి లోపలి ఒత్తిడి పెరగడం. చెప్పదలచిన మాటలు కూడా రెండే. ఆ ఒత్తిడి నొప్పి పుట్టించదు, కంటికి కనబడదు, కనుక దానిని కొలిపించుకోవాలి. అది పెరిగిందని తెలిసినప్పుడు భయపడి ఎవరూ తమంతట తాము మందులు మానరాదు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు. మిగిలిన ప్రసంగమంతా వాటికి వివరణే.

ఎవరి కోసం ఈ మాటలు?

కాట్‌బస్‌లోని మన తెలుగువారిలో ఎక్కువమంది యువకులు. విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్నవారు, చదువు ముగించి ఉద్యోగాల్లో కుదురుకొన్నవారు. మీలో చాలామందికి ఈ విషయంతో స్వయంగా పని లేకపోవచ్చు. కాని మీ తల్లిదండ్రులు, మేనమామలు, అత్తగార్లు తెలుగునాట ఉన్నారు. మధుమేహం, రక్తపోటు మన ఇళ్ళలో బంధువుల వలె తిష్ఠ వేశాయి. మూత్రపిండాలు చెడిపోవడానికి ప్రధాన కారణాలు కూడా ఆ రెండే.

వీటికి తోడు శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం కథ ఉంది. కొబ్బరితోటలతో, జీడితోటలతో పచ్చగా ఉండే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా వేలాదిమంది మూత్రపిండ వ్యాధితో బాధపడుతున్నారు. మధుమేహం లేనివారు, పొలంలో కష్టపడే నడివయసువారు కూడా అందులో ఉన్నారు. దేశవిదేశాల పరిశోధకులు వచ్చి నీటిని, నేలను, రక్తాన్ని పరీక్షించినా, ఇదే కారణమని అందరూ అంగీకరించిన సమాధానం దొరకలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబానికి డయాలసిస్ అనే మాటను ఎవరూ వివరించనక్కరలేదు.

మార్పిడి వారికి పునర్జన్మ వంటిది. వారానికి రెండుమూడు రోజులు యంత్రం పక్కన గడిపిన మనిషి మళ్ళీ పనికి వెళ్తాడు, ఊరికి వెళ్తాడు, కడుపునిండా మంచినీళ్ళు తాగుతాడు. ఆ మూత్రపిండం చాలాసార్లు తల్లిదో, భార్యదో అయి ఉంటుంది. భారతదేశంలో బతికి ఉండగా మూత్రపిండం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. మరణానంతర దానం వల్ల వచ్చినదైతే, పుట్టెడు దుఃఖంలో కూడా పరాయివాని గురించి ఆలోచించిన ఒక కుటుంబం దాని వెనుక ఉంటుంది. తెలుగునాట 2013 నుంచి జీవన్‌దాన్ పథకం ఇటువంటి దానాలను నడిపిస్తున్నది. ఇక్కడ జర్మనీలో యూరోట్రాన్స్‌ప్లాంట్ అనే సంస్థ ద్వారా ఎనిమిది దేశాలు కలిసి అవయవాలను పంచుకొంటున్నాయి.

ఇంత విలువైన దానాన్ని పొందిన మనిషి, ఆ దానాన్ని నిలిపే మందు వల్లనే చూపు పోగొట్టుకొంటే అది ఎంత అన్యాయం? సకాలంలో కొలిస్తే చాలావరకు ఆపగలిగిన నష్టమని తెలిసిన తరువాత మౌనంగా ఉండటం మరింత అన్యాయం.

దానాన్ని నిలిపే మందు

మన శరీరం తనది కానిదాన్ని ఊరకే ఉండనివ్వదు. ముల్లు గుచ్చుకొంటే చుట్టూ చీము పట్టి బయటికి నెట్టినట్టే, మరొకరి మూత్రపిండాన్ని కూడా శత్రువుగా భావించి దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో వైద్యుడు జోసెఫ్ మర్రీ చేసిన తొలి విజయవంతమైన మార్పిడి ఏకరూప కవలల మధ్య జరిగింది. ఇద్దరి శరీరాలూ ఒకటే కనుక ఆ దాడి లేదు. కవలలు కానివారి సంగతేమిటి?

దానికి సమాధానంలో మొదటి పెద్ద అడుగు అజాథయోప్రిన్ అనే మందు. దానిని రూపొందించినవారు జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్. ఈ హిచింగ్స్ యౌవనంలో హార్వర్డ్‌లో పనిచేసిన ప్రయోగశాలలోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా పనిచేశారు. తెలుగువారికి ఆ మాట తలచుకొంటే ఒక తృప్తి.

1960ల ఆరంభంలో ఈ మందుకు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను జోడించడంతో మార్పిడులు నిలవసాగాయి. జర్మనీలో తొలి మూత్రపిండ మార్పిడి 1963లో మనకు దగ్గరలోని బెర్లిన్‌లోనే జరిగింది. భారతదేశంలో తొలి విజయం 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దక్కింది. తరువాత సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వచ్చి స్టెరాయిడ్ మోతాదును బాగా తగ్గించాయి. అయినా నేటికీ చాలామంది మార్పిడి రోగుల మందుల పెట్టెలో ఒక చిన్న స్టెరాయిడ్ మాత్ర ఉంటూనే ఉన్నది. భారతదేశంలో అది వైసొలోన్ వంటి పేర్లతోను, ఇక్కడ డెకోర్టిన్-హెచ్ వంటి పేర్లతోను దొరుకుతుంది.

సాధారణంగా శస్త్రచికిత్స రోజున సిర ద్వారా పెద్ద మోతాదు ఇస్తారు. తరువాత మాత్రలకు మారి, కొన్ని వారాలు నెలల్లో క్రమంగా తగ్గించి, రోజుకు సుమారు 5 మిల్లీగ్రాముల దగ్గర నిలుపుతారు. శరీరం మూత్రపిండాన్ని తిరస్కరించే సూచన కనబడితే వరుసగా కొన్ని రోజులు మళ్ళీ పెద్ద మోతాదులు తప్పవు. అంటే మార్పిడి తరువాతి తొలి నెలలు, తిరస్కరణ చికిత్స జరిగిన కాలం కంటికి ఎక్కువ పరీక్షా సమయాలు.

చెరువు, తూము

కంటి లోపల ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి మన ఊరి చెరువును తలచుకోండి. వాగు నుంచి నీరు వస్తుంది, తూము గుండా పోతుంది. రెండూ సరిపోయినంతకాలం నీటిమట్టం నిలకడగా ఉంటుంది. తూములో నాచు, మట్టి పేరుకొంటే వచ్చే నీరు పెరగకపోయినా మట్టం పెరుగుతుంది, గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. స్ప్రీవాల్డ్ కాలువల్లో పడవ ఎక్కినవారు లాకుల దగ్గర ఈ సంగతిని కళ్ళారా చూసి ఉంటారు.

కంటి ముందు భాగంలో కూడా ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కంటి లోపలనే పుట్టి, లోపలి భాగాలకు పోషణనిచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. ఒకటిన్నర, రెండు గంటల్లో ఈ ద్రవం మొత్తం మారిపోతుంది. ఆరోగ్యవంతుల కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు వేరు, ఇది వేరు. రక్తపోటు అదుపులో ఉన్నంత మాత్రాన కంటి ఒత్తిడి అదుపులో ఉన్నట్టు కాదు.

స్టెరాయిడ్ ఈ జల్లెడ స్వభావాన్నే మారుస్తుంది. ఆ కణాల మధ్య జిగురు వంటి పదార్థం పేరుకొంటుంది, చెత్తను శుభ్రం చేసుకొనే శక్తి తగ్గుతుంది. తూము ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది.

అందరిలో ఇది సమానంగా జరగదు. 1960లలో అమెరికాలో అర్మాలీ, బెకర్ అనే వైద్యులు ఆరోగ్యవంతుల కళ్ళలో కొన్ని వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేయించి చూశారు. సుమారు మూడింట రెండువంతుల మందిలో పెద్ద మార్పు లేదు. మూడోవంతు మందిలో ఒత్తిడి ఓ మోస్తరుగా పెరిగింది. నూటికి అయిదారుగురిలో మాత్రం ప్రమాదకరంగా పెరిగింది. మాత్రల వల్ల ప్రభావం చుక్కల కంటె తక్కువే. కాని చుక్కలు కొన్ని వారాలు వేసుకొంటాం, మార్పిడి జరిగినవారు మాత్రను ఏళ్ళ తరబడి వేసుకొంటారు. తేడా అక్కడ ఉన్నది.

నొప్పి లేని నష్టం

కంటి వెనుక నుంచి మెదడుకు చూపును మోసుకుపోయే దృష్టినాడిలో సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని తంతువులు ఉంటాయి. ఒత్తిడి ఎక్కువకాలం నిలిస్తే అవి ఒక్కొక్కటిగా చనిపోతాయి. చనిపోయిన తంతువు మళ్ళీ మొలవదు. ఈ వ్యాధినే వైద్యులు గ్లకోమా అని, మన పెద్దలు నీటికాసులు అని అంటారు.

ఇందులోని మోసమేమిటంటే, ముందుగా పోయేది పక్కచూపు. ఎదుటి మనిషి ముఖం, పుస్తకంలోని అక్షరం, టెలివిజన్ తెర బాగానే కనబడుతూ ఉంటాయి. ఒక కంటిలోని లోటును రెండవ కన్ను కప్పిపుచ్చుతుంది. గుమ్మం తగలడం, మెట్టు తప్పడం, పక్క నుంచి వచ్చే సైకిలు కనబడకపోవడం వంటివి మొదలయ్యేసరికి నాడి చాలావరకు దెబ్బతిని ఉంటుంది. దక్కిన చూపును నిలబెట్టవచ్చు గాని పోయిన చూపును తేలేము.

స్టెరాయిడ్ వల్లనే వచ్చే మరొక సమస్య శుక్లం. కటకం వెనుక భాగంలో మసక ఏర్పడి, ఎండలోను, ఎదురుగా దీపం పడినప్పుడు చూపు మందగిస్తుంది. శుక్లాన్ని శస్త్రచికిత్సతో తీసి చూపును తిరిగి తేవచ్చు. అందువల్ల చూపు మసకబారిన మార్పిడి రోగి “ఇది శుక్లమే, తరువాత చూద్దాం” అని ఊరకుండటం ప్రమాదకరం. శుక్లం వెనుక నీటికాసులు దాగి ఉండవచ్చు. ఒకటి వేచి ఉంటుంది, మరొకటి వేచి ఉండదు.

ఇంట్లో తల్లికో, తండ్రికో, తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవారు, మధుమేహులు, ఎక్కువ మైనస్ అద్దాలు వాడేవారు, పిల్లలు, వృద్ధులు మరింత జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 10,000 మందికి పైగా పరీక్షించి ఒక పెద్ద నేత్ర అధ్యయనం చేసింది. నీటికాసులున్నట్టు అందులో బయటపడినవారిలో అధికసంఖ్యాకులకు తమకు ఆ వ్యాధి ఉన్న సంగతే అంతవరకు తెలియదు. స్టెరాయిడ్ వాడనివారి సంగతే ఇలా ఉంటే, వాడేవారు ఎంత మెలకువగా ఉండాలో మీరే ఊహించండి.

కొలిపించుకోవడం ఎలా?

ఈ విషయంలో మనమున్న దేశానికి ప్రపంచం ఎంతో ఋణపడి ఉన్నది. బతికున్న మనిషి కంటి లోపలి నాడిని చూపించే నేత్రదర్శినిని హెర్మన్ హెల్మ్‌హోల్ట్‌స్ 1851లో లోకానికి వివరించాడు. బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె 1857లో ఒక రకం గ్లకోమాకు తొలి సమర్థమైన శస్త్రచికిత్సను ప్రకటించాడు. షారిటే వైద్యాలయం దగ్గర ఆయన స్మారకం నేటికీ ఉన్నది. నేడు కంటి ఒత్తిడి కొలవడానికి ప్రామాణికమైన పరికరాన్ని 1950లలో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ గోల్డ్‌మన్ రూపొందించాడు. మన కాట్‌బస్‌లో కూడా కార్ల్ థీమ్ పేరు మోస్తున్న ఆసుపత్రి 2024లో వైద్య విశ్వవిద్యాలయంగా మారింది. పరీక్ష దొరకకపోవడం ఇక్కడ సమస్య కాదు, అడగకపోవడమే సమస్య.

పరీక్ష సులువైనది. తిమ్మిరి చుక్క వేసి, నీలికాంతిలో చిన్న పరికరాన్ని కంటికి సున్నితంగా తాకించి ఒత్తిడి చదువుతారు. కొన్నిచోట్ల గాలి ఊది కొలుస్తారు. అంకె ఒక్కటే చాలదు. నల్లగుడ్డు పొర మందాన్ని బట్టి అంకె కొంత ఎక్కువగానో తక్కువగానో కనబడుతుంది. అందువల్ల నాడిని చూడటం, చూపు పరిధిని పరీక్షించడం, ఓసీటీ అనే చిత్రం తీయడం కలిపి నిర్ణయిస్తారు.

ఎప్పుడెప్పుడు? మార్పిడికి ముందే ఒకసారి కన్ను చూపించుకొంటే తరువాతి మార్పులను పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. మార్పిడి తరువాత తొలి నెలల్లో ఒకటి రెండుసార్లు, ఆపైన కనీసం ఏడాదికొకసారి చూపించుకోవడం మంచిది. తిరస్కరణకు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు మళ్ళీ కొన్ని వారాల్లో చూపించుకోవాలి. ఒత్తిడి పెరిగినవారికి ఎంత తరచుగా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు.

జర్మనీలో ఉన్నవారికి ఒక సంగతి. ఏ కారణమూ చెప్పకుండా ముందుజాగ్రత్తగా గ్లకోమా పరీక్ష అడిగితే, చట్టబద్ధ ఆరోగ్య బీమా ఉన్నవారు కూడా సాధారణంగా ఖర్చు తామే పెట్టుకోవాలి. ఇటువంటి సేవలను ఇక్కడ ఇగెల్ అంటారు. వైద్యపరమైన కారణం, అనుమానం ఉన్నప్పుడు బీమాయే భరిస్తుంది. కనుక కంటి వైద్యుని దగ్గర మొదటి మాటగానే “నాకు మూత్రపిండ మార్పిడి జరిగింది, స్టెరాయిడ్ వాడుతున్నాను” అని చెప్పండి. వీలైతే కుటుంబ వైద్యుని దగ్గర యూబర్‌వైజుంగ్ పత్రం తీసుకొని వెళ్ళండి. మూడు, అంతకు మించి మందులు నిరంతరం వాడేవారికి మెడికాట్సియోన్స్‌ప్లాన్ అనే మందుల పట్టిక పొందే హక్కు 2016 నుంచి ఈ దేశంలో ఉన్నది. ఆ కాగితం మీ చొక్కా జేబులో ఉండాలి.

మూత్రపిండాన్ని మరవని కంటి వైద్యం

ఒత్తిడి పెరిగిందని తేలితే దిగులు పడనక్కరలేదు. చాలామందికి చుక్కలతోనే అది అదుపులోకి వస్తుంది. రాత్రిపూట ఒక్కసారి వేసుకొనే లాటనోప్రోస్ట్ వంటి చుక్కలు మూత్రపిండానికి భారం కావు. టిమొలోల్ చుక్కలు కూడా మంచివే గాని ఉబ్బసం ఉన్నవారు, గుండె నెమ్మదిగా కొట్టుకొనేవారు ముందే చెప్పాలి, ఎందుకంటే కంటిలో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. చుక్క వేసుకొన్నాక కళ్ళు మూసుకొని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచితే అది చాలావరకు ఆగుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగాలి.

అసెటజోలమైడ్ అనే మాత్ర దగ్గర అసలు జాగ్రత్త అవసరం. డయామాక్స్ పేరుతో చాలామందికి పరిచయమైనదే. కంటి ఒత్తిడిని త్వరగా తగ్గిస్తుంది. కాని అది మూత్రపిండం గుండానే శరీరం విడిచిపోతుంది. మూత్రపిండం శక్తి తగ్గినవారిలో అది నిలిచిపోయి రక్తంలో ఆమ్లతను పెంచుతుంది, మత్తు, తికమక కలిగిస్తుంది, కొందరిలో రాళ్ళకు కూడా కారణమవుతుంది. డోర్జోలమైడ్ అనే చుక్క కూడా ఆ జాతిదే. మూత్రపిండం తీవ్రంగా బలహీనపడినవారికి అది తగదు. కనుక మీ తాజా క్రియాటినిన్ అంకెను కంటి వైద్యునికి తప్పక చెప్పండి. కంటి శస్త్రచికిత్స తరువాత నొప్పికి ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వేసుకోరాదు, అవి దానంగా వచ్చిన మూత్రపిండాన్ని దెబ్బతీస్తాయి. ఏ నొప్పిమాత్ర వేసుకోవచ్చో ముందే అడిగి ఉంచుకోండి.

చుక్కలు చాలకపోతే లేజర్ చికిత్స ఉన్నది. అదీ చాలకపోతే ద్రవానికి కొత్త దారి చేసే శస్త్రచికిత్స ఉన్నది. మూత్రపిండ వైద్యుడు కూడా పరిస్థితిని బట్టి స్టెరాయిడ్ మోతాదు తగ్గించగలరేమో, ఇతర మందులను సవరించగలరేమో ఆలోచిస్తారు. కొందరు రోగులను స్టెరాయిడ్ లేకుండానే నడిపే విధానాలు కూడా ఉన్నాయి. అవి ఎవరికి తగునో నిర్ణయించవలసింది వారే.

మాత్ర మానరాదు

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. “స్టెరాయిడ్ వల్ల కళ్ళు పోతాయట” అని ఎవరో అనగా విని, మాత్రను చప్పున మానివేసేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి. మానితే రెండు ఆపదలున్నాయి. మొదటిది, శరీరం మూత్రపిండాన్ని తిరస్కరించవచ్చు. ఆ తిరస్కరణను ఆపడానికి మళ్ళీ పెద్ద మోతాదు స్టెరాయిడే ఇవ్వవలసి వస్తుంది. కన్ను కాపాడుకోవాలని మానిన మందు అయిదింతలు, పదింతలు, ఒక్కోసారి నూరింతలై తిరిగి వస్తుందన్నమాట. రెండవది, ఏళ్ళ తరబడి మాత్ర వాడినవారి శరీరం తన సొంత స్టెరాయిడ్‌ను తయారుచేసుకోవడం మరచిపోతుంది. చప్పున ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

కంటి వైద్యుడు ఒక వైపు, మూత్రపిండ వైద్యుడు మరొక వైపు ఉంటారు. ఇద్దరి మధ్య మాట కలిపేది రోగి, రోగి పిల్లలు. ఒకరి కాగితాన్ని మరొకరికి చూపండి. ఆ చిన్న పని చాలా పెద్ద నష్టాన్ని ఆపుతుంది.

మన అలవాట్లలో కొన్ని

మన సమాజానికి ప్రత్యేకమైన విషయాలు నాలుగున్నాయి.

ఒకటి, ఊరి నుంచి తెచ్చుకొనే చుక్కలు, పూతమందులు. కన్ను ఎర్రబడితే, దురద పెడితే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడే. ముఖానికి రాసే కొన్ని పూతల్లోను, ఉబ్బసానికి పీల్చే మందుల్లోను, కీళ్ళకు వేసే సూదుల్లోను అది ఉంటుంది. మార్పిడి రోగికి మాత్ర ఒకటి ఎలాగూ ఉన్నది. దానికి తోడు మరో దారిన చేరే స్టెరాయిడ్ లెక్క వైద్యునికి తెలియాలి. పేరులేని పొట్లాల్లో వచ్చే చూర్ణాలను అసలే వాడవద్దు.

రెండు, యోగాభ్యాసం. శీర్షాసనంలో ఉన్నంతసేపు కంటి ఒత్తిడి సుమారు రెండింతలవుతుందని చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించారు. ఒత్తిడి పెరిగినవారు, నీటికాసులున్నవారు తలకిందులయ్యే ఆసనాలు మానడం మంచిది. నడక, తేలికైన ఆసనాలు నిరభ్యంతరంగా చేయవచ్చు.

మూడు, ఉపవాసాలు. ఏకాదశి, శివరాత్రి, కార్తిక సోమవారాలలో మాత్రలను వాయిదా వేసుకొనేవారున్నారు. మార్పిడి మందులకు వేళ తప్పరాదు, కంటి చుక్కలకు కూడా అంతే. శరీరాన్ని కాపాడే ఔషధం వ్రతభంగం కాదు. అనుమానమున్నవారు అర్చకస్వామిని అడగవచ్చు.

నాలుగు, అత్యవసరం. కంటిలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కలిసి వస్తే అది తలనొప్పి కాదు. ద్రవం పోయే మూల ఒక్కసారిగా మూసుకుపోయి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగరాదు. జర్మనీలో 116117కు గాని, 112కు గాని వెంటనే ఫోన్ చేయాలి.

ఫోనులో అడగవలసిన మూడు ప్రశ్నలు

ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు “భోంచేశారా, మందులు వేసుకొన్నారా” అని మనం అడుగుతూనే ఉంటాం. మార్పిడి జరిగిన నాన్నగారినో, పిన్నిగారినో ఇక మీదట మరో మూడు ప్రశ్నలు అడగండి. “కంటి ఒత్తిడి ఎప్పుడు కొలిచారు? ఆ అంకె ఎంత? మీరు స్టెరాయిడ్ వాడుతున్నట్టు కంటి డాక్టరుగారికి చెప్పారా?” మొదటి ప్రశ్నకు “అద్దాలు మార్చేటప్పుడు చూశారులే” అని జవాబు వస్తే అది జవాబు కాదు. అద్దాల దుకాణంలో అక్షరాలు చదివించడం వేరు, ఒత్తిడి కొలవడం వేరు. మీరే ఒక రోజు కుదిర్చి, పక్కింటివారినో, తమ్ముడినో తోడిచ్చి పంపండి. మీరు నెలనెలా పంపే డబ్బు ఎంత అవసరమో, ఆ ఒక్క ప్రయాణం అంతే అవసరం.

శ్రీకాళహస్తి తిన్నని కథ మనందరికీ తెలిసినదే. స్వామి కంట రక్తం కారుతుంటే ఒక కన్ను పెరికి ఇచ్చాడు, రెండవ కన్ను కూడా ఇవ్వబోయాడు. ఆ రెండవ కన్ను పోనివ్వకుండా చేయి పట్టి ఆపినవాడు సాక్షాత్తు శివుడే. అంతటి భక్తిలో కూడా భక్తుని చూపు పోవడాన్ని దైవం అంగీకరించలేదు. మూత్రపిండాన్ని నిలుపుకోవడానికి కన్నును మూల్యంగా చెల్లించాలని ఏ శాస్త్రమూ చెప్పదు, వైద్యశాస్త్రమూ చెప్పదు. రెండింటినీ కాపాడుకొనే మార్గం మన చేతిలో ఉన్నది. దానికి కావలసింది ఒక కొలత, వేళ తప్పని మాత్ర, ఇద్దరు వైద్యుల మధ్య ఒక కాగితం.

మనం ఉదయాన నమస్కరించే సూర్యభగవానుడు ఆరోగ్యదాతగా, జగత్తుకు కన్నుగా కొలువందుకొనేవాడు. మార్పిడితో మరో జన్మ ఎత్తిన ప్రతి ఒక్కరూ ఆ వెలుగును నిండు చూపుతో, నిండు నూరేళ్ళు చూచెదరు గాక. తమ శరీరంలో ఒక భాగాన్ని ఇచ్చిన ఆ దాతలకు, వారి కుటుంబాలకు ఈ దేవాలయ ప్రాంగణం నుంచి మనందరి తరఫున నమస్కారం.

స్వస్తి.